తీర్పు ముందా, కారణం ముందా?

మీ ప్రశ్నలో నిజానికి రెండు ప్రశ్నలున్నాయి. ‘లిఖితపూర్వక నోటీసు’ అన్న మాటలోకి ఫోన్‌కు పంపిన సందేశం వస్తుందని ఒక న్యాయమూర్తి, రాదని అదే ధర్మాసనంలోని మరో న్యాయమూర్తి రాసిన తీర్పును చదివి, ఒకే సెక్షన్ నుంచి రెండు వ్యతిరేక నిర్ణయాలు ఎలా పుట్టాయని అడిగారు, ఇది మొదటిది. అలా పుట్టగలిగినప్పుడు, పేజీలకు పేజీలు రాసే కారణాలన్నీ ముందే మనసులో ఖాయం చేసుకున్న ఫలితానికి తర్వాత కప్పిన శాలువా మాత్రమేనా అన్నది రెండోది. మూడు దశాబ్దాలుగా సివిల్ అప్పీళ్లు వాదిస్తున్న నా అనుభవంలో నిర్ణయం చాలాసార్లు కారణాల కంటే ముందే పుడుతుంది. అయినా ఆ కారణాలను ముసుగని కొట్టిపారేయడానికి వీల్లేదు. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

చట్టంలోని మాటలను పలికే నోరు మాత్రమే న్యాయమూర్తి అని 1748లో ఫ్రెంచి తత్త్వవేత్త మాంటెస్క్యూ రాశారు. దానికి సరిగ్గా అవతలి గట్టున అమెరికా ఫెడరల్ జడ్జి జోసెఫ్ హచిసన్ కనిపిస్తారు. రికార్డంతా చదివి, వాదనలన్నీ విని, వాటిని మనసులో నానబెట్టి, చివరికి ఎటు మొగ్గాలో చెప్పే ఒక స్ఫురణ కోసం ఎదురుచూస్తానని ఆయన 1929లో దాపరికం లేకుండా ఒప్పుకున్నారు. ఆ తర్వాత అమెరికా న్యాయవేత్త జెరోమ్ ఫ్రాంక్ వంటి వారు ఇంకో అడుగు ముందుకు వేసి, తీర్పును తేల్చేది సెక్షన్ల కంటే జడ్జి స్వభావమేనన్నారు. ఈ వాదానికి మద్దతుగా నేడు చాలామంది ఎత్తిచూపేది 2011లో వెలువడిన ఒక అధ్యయనం: ఇజ్రాయెల్‌లో ఎనిమిది మంది జడ్జిలు పెరోల్ విషయంలో ఇచ్చిన 1,112 నిర్ణయాలను పరిశీలిస్తే, భోజన విరామం ముగిసిన వెంటనే ఖైదీకి అనుకూలంగా వచ్చేవి సుమారు 65 శాతం ఉండి, మళ్లీ విరామం దగ్గరపడేసరికి దాదాపు సున్నాకు పడిపోయాయట. అయితే ఆ ఏడాదే దాన్ని విమర్శించిన పరిశోధకులు, కేసులు విచారణకు వచ్చే వరుస యాదృచ్ఛికం కాదనీ, న్యాయవాది లేని ఖైదీల కేసులు విరామానికి ముందు చివర్లో వస్తాయనీ చూపించారు. జడ్జి ఆకలి కథ చెప్పుకోవడానికి బాగుంటుంది గానీ, దానిమీద ఒక సిద్ధాంతాన్ని నిలబెట్టేంత బలం అందులో లేదు.

స్ఫురణ ముందు రావడం మాత్రం నిజమే, అందులో సిగ్గుపడవలసిందీ లేదు. పుస్తకం వెనక పేజీలో జవాబు చూసుకుని లెక్క మొదలుపెట్టే పిల్లవాడిని తలచుకోండి. జవాబు ముందే తెలిసినంత మాత్రాన అతను వేసే మెట్లు అబద్ధాలైపోవు. ప్రతి మెట్టూ విడిగా సరైనదో కాదో ఎవరైనా సరిచూడవచ్చు. మెట్లు జవాబుదాకా చేరకపోతే, అతను తను తప్పు చేశాననైనా అనుకోవాలి, జవాబే తప్పు అచ్చయిందనైనా అనుమానించాలి. నిర్ణయం ఎలా తట్టిందన్నది మనస్తత్వానికి సంబంధించిన విషయం. అది నిలబడుతుందా లేదా అన్నది తర్కానికీ చట్టానికీ సంబంధించిన విషయం. జడ్జిలు స్ఫురణతో తీర్పులిస్తారని చెప్పేవారు మొదటిదాన్ని చూపించి రెండోదాన్ని కొట్టేస్తుంటారు.

మెట్ల విషయానికి వస్తే, సామాన్యంగా చెప్పే నమూనా చాలా సరళమైనది: చట్టం ఒక నియమం చెబుతుంది, వాస్తవం ఆ నియమం కిందికి వస్తుంది, కాబట్టి ఫలితం ఇది. చిక్కంతా ఆ మధ్య మెట్టులోనే ఉంటుంది. తత్త్వవేత్తలు తక్కువగానూ కింది కోర్టు జడ్జిలు ఎక్కువగానూ పట్టించుకునే విషయం ఒకటుంది: అసలు ఏం జరిగిందో తేలడమే చాలా కేసుల్లో పెద్ద పని. జడ్జికి నిజం తెలియనప్పుడు కూడా తీర్పు ఇవ్వక తప్పదు కాబట్టే నిరూపణ భారం ఎవరిదన్న నియమం పుట్టింది. అదే సంఘటన క్రిమినల్ కోర్టులో సందేహానికి అతీతంగా రుజువు కాక, సివిల్ కోర్టులో సంభావ్యతల తూకంలో, అంటే జరిగి ఉండడానికే ఎక్కువ అవకాశం ఉందన్న లెక్కలో, రుజువైనప్పుడు బయటివారికి అది వైరుధ్యంగా తోస్తుంది. నిజానికి రెండు కోర్టులూ వేర్వేరు ప్రశ్నలకు జవాబు చెప్పాయి.

ఇక మాటల దగ్గరికి వద్దాం. తమలపాకు కూరగాయా, కాదా? 1961లో మన సుప్రీంకోర్టు తేల్చవలసి వచ్చిన ప్రశ్న ఇది. పాత సెంట్రల్ ప్రావిన్సెస్, బేరార్ అమ్మకపు పన్ను చట్టంలో కూరగాయలకు మినహాయింపు ఉంది. తమలపాకు మొక్కనుంచి కోసినదే గనుక వృక్షశాస్త్రం దృష్టిలో అది కూరగాయేనని వ్యాపారి వాదన. కూరగాయ అన్న మాటను చట్టం నిర్వచించలేదు కాబట్టి వాడుకలో ఉన్న అర్థమే తీసుకోవాలని కోర్టు అన్నది. ఆ అర్థంలో తమలపాకు కూరగాయ కాదు. ఇంకో ఆధారం కూడా దొరికింది: మినహాయింపుల జాబితాలో మొదట తమలపాకు వేరే అంశంగా ఉండి, తర్వాత ఒక సవరణలో తొలగిపోయింది. కూరగాయలో అది ఎలాగూ చేరి ఉంటే మొదట విడిగా రాయడమెందుకు, తర్వాత తీసేయడమెందుకు? చూడండి, ఇక్కడ ఒక నిర్ణయానికి రెండు వేర్వేరు ఆధారాలు ఉన్నాయి, ఒకటి జారినా రెండోది పట్టుకుంటుంది. సమర్థుడైన జడ్జి తీర్పును ఇలాగే కడతాడు.

ఆరేళ్ల తర్వాత, 1967లో, అమ్మకపు పన్ను కేసులోనే ఇంగ్లీషులో ‘కోల్’ అన్న మాటలోకి కట్టెబొగ్గు వస్తుందా అన్న ప్రశ్న వచ్చింది. భూగర్భశాస్త్రం ప్రకారం రాదు, ఒకటి గనిలోది, ఒకటి మనిషి కట్టెను కాల్చి చేసినది. కోర్టు మళ్లీ వాడుక అర్థాన్నే పట్టుకుని వస్తుందని చెప్పింది. (ఆ చట్టం తెలుగులో రాసి ఉంటే వ్యాజ్యం ఇంతదూరం వచ్చేదా అని నాకెప్పుడూ అనుమానమే, మనకు రెండూ బొగ్గే.) టమాటా వృక్షశాస్త్రం ప్రకారం పండే అయినా సుంకం చట్టం కోసం కూరగాయేనని 1893లో అమెరికా సుప్రీంకోర్టు చెప్పినదీ ఈ దారిలోనే. ఒక కేసులో పన్ను పడింది, మరో కేసులో పన్ను తగ్గింది. ఫలితాలు అటూ ఇటూ ఉన్నా పద్ధతి ఒక్కటే. జడ్జి తనకు నచ్చిన ఫలితాన్ని ముందు పెట్టుకుని మాటను వంచాడా అని అనుమానం వచ్చినప్పుడు నేను మొదట చూసేది ఇదే: ఆ పద్ధతినే అదే కోర్టు తనకు గిట్టని ఫలితం వచ్చే చోట కూడా వాడిందా?

మాటకు నడిబొడ్డులో స్పష్టమైన అర్థం, అంచుల్లో మసక ఉంటాయని, ఆ మసకలో జడ్జి ఎంపిక చేసుకోక తప్పదని 1958లో ఇంగ్లీషు న్యాయతత్త్వవేత్త హార్ట్ అన్నారు. ఆయన ఉదాహరణ ప్రసిద్ధమైనది: పార్కులోకి వాహనాలు రాకూడదన్న నియమం కారుకు వర్తిస్తుంది, మరి రోలర్ స్కేట్లకో? ఆ ఏడాదే అమెరికా న్యాయతత్త్వవేత్త ఫుల్లర్ ఇచ్చిన జవాబు నా దృష్టిలో హార్ట్ ఉదాహరణ కంటే లోతైనది. యుద్ధంలో వాడిన, ఇంకా నడిచే స్థితిలో ఉన్న ఒక ట్రక్కును స్మారక చిహ్నంగా పార్కులో గద్దె మీద నిలబెట్టాలని కొందరు దేశభక్తులు అనుకుంటే? ట్రక్కు వాహనం కాదని ఎవరూ అనలేరు. అది మసక అంచు కాదు, సరిగ్గా నడిబొడ్డే. అయినా ఆ నియమం దాన్ని అడ్డుకుంటుందా అని సందేహం వస్తున్నదంటే, మనం మాట అర్థాన్ని తేల్చేముందే నియమం ఎందుకు పుట్టిందో మనసులో లెక్క వేస్తున్నామన్నమాట.

ఈ తగువు కాగితం మీది తగువు కాదనడానికి న్యూయార్క్ అప్పీలు కోర్టు 1889లో తేల్చిన కేసు చాలు. ఫ్రాన్సిస్ పామర్ 1880లో తన ఆస్తిలో అత్యధిక భాగం మనవడు ఎల్మర్‌కు చెందేలా వీలునామా రాశాడు. తాత వీలునామా మార్చేస్తాడేమోనన్న భయంతో పదహారేళ్ల ఎల్మర్ 1882లో ఆయనకు విషం పెట్టాడు. హత్యకు శిక్ష పడింది, ఆస్తి మాటేమిటి? వీలునామాల చట్టం చెప్పిన లాంఛనాలన్నీ సక్రమంగా ఉన్నాయి. హంతకుడైన వారసుడికి ఆస్తి దక్కదని ఆ చట్టంలో ఒక్క ముక్కా లేదు.

న్యాయమూర్తి ఎర్ల్ అధిక సంఖ్యాకుల తరఫున, తన తప్పు నుంచి తనే లాభం పొందే వీలు ఎవరికీ ఉండదన్న సూత్రం అన్ని చట్టాల వెనకా ఉంటుందనీ, శాసనకర్తలకు ఇలాంటి కేసు తట్టి ఉంటే తప్పక మినహాయించేవారనీ రాసి ఎల్మర్‌కు ఆస్తి లేదన్నారు. కొత్తవారికి ఈ కేసు చెప్పగానే అందరూ ఎర్ల్ వైపే ఉంటారు. అందుకే నేను మొదట మరో న్యాయమూర్తి గ్రే రాసిన అసమ్మతి తీర్పు చదవమంటాను. ఆయన హంతకుడి పక్షం వహించలేదు. వీలునామా ఎప్పుడు చెల్లుతుందో, ఎప్పుడు రద్దవుతుందో శాసనసభ పూర్తిగా రాసిపెట్టింది. నేరానికి శిక్ష ఎంతో కూడా రాసిపెట్టింది, అది పడింది. దానిమీద ఆస్తి జప్తు అనే ఇంకో శిక్షను చేర్చే అధికారం మాకు ఎవరిచ్చారని ఆయన అడిగారు. జవాబు చెప్పడం తేలిక కాదు. చట్టమంటే పుస్తకంలో రాసిన నియమాలే అనుకుంటే గ్రేదే పైచేయి. ఆ నియమాలను నిలబెట్టే సూత్రాలు కూడా చట్టంలో భాగమే అనుకుంటే ఎర్ల్‌ది. అమెరికా న్యాయతత్త్వవేత్త డ్వార్కిన్ తన సిద్ధాంతమంతటికీ ఈ కేసును మొదటి రాయిగా వాడుకున్నది అందుకే: ఇద్దరు న్యాయమూర్తులూ చట్టం ఏమిటన్న ప్రశ్న మీదే విభేదించారు తప్ప, చట్టాన్ని పక్కనబెట్టి జాలి చూపాలా వద్దా అన్నదాని మీద కాదు.

ఇలాంటి ప్రశ్నే హిందూ వారసత్వం విషయంలో, బ్రిటిష్ పాలనలో మన కేసులకు లండన్‌లోని ఆఖరి అప్పీలు కోర్టయిన ప్రీవీ కౌన్సిల్ ముందుకు వచ్చినప్పుడు, 1924లో, న్యాయం, సమధర్మం, సద్బుద్ధి అన్న ప్రమాణం మీద హంతకుడికి వాటా లేదన్నారు. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 25వ సెక్షన్ దాన్నే అక్షరాల్లో పెట్టింది. గ్రే అడిగిన అధికారం చివరికి శాసనసభ నుంచే వచ్చింది, అయితే అది కోర్టు చూపిన దారిలోనే వచ్చింది.

నజీర్ల, అంటే తర్వాతి కేసులకు దారి చూపే పాత తీర్పుల, సంగతి ఇంకా ఆసక్తికరం, ఎందుకంటే అక్కడ నియమం ఏమిటో కూడా ముందుగా తెలియదు. స్కాట్లండ్‌లోని పెయిస్లీలో 1928లో ఒక స్త్రీ, స్నేహితురాలు కొనిచ్చిన జింజర్ బీర్ తాగింది. ముదురు రంగు సీసా అడుగున కుళ్లిన నత్త ఉందన్నది ఆరోపణ. కొన్నది తాను కాదు గనుక ఒప్పందం లేదు. అయినా తయారీదారుకు వినియోగదారు పట్ల జాగ్రత్త వహించే బాధ్యత ఉంటుందని 1932లో, అప్పట్లో బ్రిటన్‌కు అత్యున్నత కోర్టయిన హౌస్ ఆఫ్ లార్డ్స్ 3-2 మెజారిటీతో చెప్పింది. (సీసాలో నత్త నిజంగా ఉందో లేదో ఏ కోర్టూ తేల్చలేదు, ఆ తర్వాత కేసు రాజీ అయింది. నిర్లక్ష్యం గురించిన ఆధునిక చట్టమంతా రుజువు కాని నత్త మీద నిలబడి ఉందని తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది.) ఇంతకూ ఆ తీర్పు స్థాపించిన నియమం ఏమిటి? ముదురు సీసాల్లోని నత్తల గురించా? మూత వేసిన తినుబండారాల గురించా? తయారైన ప్రతి వస్తువు గురించా? మన చేతల వల్ల దెబ్బతినగలరని ముందే ఊహించదగిన ప్రతి మనిషి గురించా? మెజారిటీ వైపు ప్రధాన తీర్పు రాసిన లార్డ్ ఆట్కిన్ మాటల్లోనే ఈ మెట్లన్నిటికీ చోటుంది. ఒక అడుగు వేస్తే యాభై ఎందుకు వేయరని అసమ్మతి తెలిపిన లార్డ్ బక్‌మాస్టర్ వేసిన ప్రశ్న ఊరికే వేసినది కాదు.

జవాబు తర్వాతి కేసు ఇచ్చింది. ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో ఒక డాక్టరు కొన్న ఉన్ని లోదుస్తుల్లో మిగిలిపోయిన సల్ఫైటు వల్ల ఆయనకు తీవ్రమైన చర్మవ్యాధి వచ్చింది. తయారీదారు తరఫు న్యాయవాదులు నత్త కేసును గట్టిగా బిగించి చదివారు: అక్కడ లోపలికి తాగిన పదార్థం, ఇక్కడ ఒంటిమీద వేసుకున్నది, అక్కడ సీలు వేసిన సీసా, ఇక్కడ ఎవరైనా విప్పగల కాగితం పొట్లం. ఈ తేడాలు నిజమైనవే, ఒక్కటీ కల్పితం కాదు. 1935లో ప్రీవీ కౌన్సిల్ తరఫున లార్డ్ రైట్ చేసింది ప్రతి తేడాను పట్టుకుని, నియమం వెనకనున్న కారణానికి దీనితో ఏం సంబంధమని అడగడం. హాని చేసే వస్తువు లోపలికి పోయినా బయట తగిలినా బాధ్యతకు మూలమైన కారణం మారదు; సీసాకు మూత ఉండడం ముఖ్యం కాదు, లోపం దాగి ఉండి, వస్తువు తయారీదారు నుంచి వచ్చిన స్థితిలోనే వాడేవారిని చేరడం ముఖ్యం. రెండు కేసుల మధ్య తేడాలు ఎప్పుడూ లెక్కలేనన్ని ఉంటాయి. ఏ తేడా లెక్కలోకి వస్తుందో కళ్లతో చూసి చెప్పలేం. నియమం ఎందుకుందో చెప్పగలిగితేనే చెప్పగలం. నజీరును అనుసరించడంలోని మొత్తం విద్య ఇదే.

వ్యాఖ్యాన నియమాలు ఈ ఎంపికను తప్పించలేవా అని మీకు అనిపించవచ్చు. ఇంగ్లీషు పద్ధతిలో ప్రతి వ్యాఖ్యాన నియమానికీ దానికి ఎదురు నిలిచే మరో నియమం సిద్ధంగా ఉంటుందని అమెరికా న్యాయశాస్త్ర ఆచార్యుడు కార్ల్ లెవెలిన్ 1950లో పట్టిక వేసి మరీ చూపించారు. ఈ విషయంలో వేదవాక్యాల అర్థం తేల్చే పద్ధతిని రూపొందించిన మన మీమాంసకులు ఒక మెట్టు పైన ఉన్నారని నా అభిప్రాయం. శ్రుతి, లింగం, వాక్యం, ప్రకరణం, స్థానం, సమాఖ్య అని ఆరు ప్రమాణాలు చెప్పి, అవి పోట్లాడుకుంటే వెనకది ముందుదాని కంటే బలహీనమని, ఎందుకంటే అది అర్థానికి దూరంగా ఉంటుందని జైమిని బలాబలాల వరుస కూడా ఏర్పరచాడు. అయినా వరుస ఉన్నంత మాత్రాన ఏకాభిప్రాయం రాలేదు. వారసుడు కాగల దగ్గరి బంధువును సూచించే సపిండుడు అన్న మాటలోని పిండానికి శరీరాంశమని మితాక్షర రాసిన విజ్ఞానేశ్వరుడు, శ్రాద్ధంలో పెట్టే పిండమని దాయభాగం రాసిన జీమూతవాహనుడు అర్థం చెప్పారు. ఇద్దరూ మీమాంసా పద్ధతి ఎరిగినవారే, ఇద్దరూ స్మృతులకే వ్యాఖ్యానం చెప్పారు. ఆ ఒక్క మాట మీది తేడాతో మితాక్షర అమలైన ప్రాంతాల్లో ఒకరికి, దాయభాగం అమలైన బెంగాల్‌లో మరొకరికి ఆస్తి చేరింది. మీ మొదటి ప్రశ్నకు ఇంతకంటే పాత ఉదాహరణ నా దగ్గర లేదు.

చట్టంలో అన్నీ ముందే రాసేస్తే సరిపోతుందన్న ఆశ కూడా ఒకప్పుడు ఉండేది. 1794 నాటి ప్రష్యా (ఒకప్పటి జర్మన్ రాజ్యం) న్యాయస్మృతిలో 19 వేలకు పైగా పేరాలున్నాయి, అయినా జీవితం వాటిని దాటిపోయింది. 1804 నాటి ఫ్రెంచి సివిల్ కోడ్ వేరే దారి పట్టింది: చట్టం మౌనంగా ఉందనో, అస్పష్టంగా ఉందనో, చాలదనో సాకు చెప్పి తీర్పు ఇవ్వని జడ్జిని న్యాయ నిరాకరణ నేరం కింద విచారించవచ్చని నాలుగో అధికరణం, కేసులో తీర్పు ఇచ్చే నెపంతో అందరికీ వర్తించే నియమాలు చేయరాదని ఐదో అధికరణం. ఖాళీని నింపక తప్పదు, నింపినట్టు చెప్పుకోనూ కూడదు. స్విస్ కోడ్ మొదటి అధికరణం మొహమాటం లేకుండా, చట్టమూ ఆచారమూ లేని చోట జడ్జి తానే శాసనకర్త అయితే ఏ నియమం చేసేవాడో దాని ప్రకారం తీర్పు ఇవ్వాలన్నది. మూడింటిలో నాకు స్విస్‌వారి నిజాయితీ నచ్చుతుంది. అక్కడ కూడా జడ్జి చేయవలసింది నియమమే. ఈ ఒక్క కక్షిదారు కోసం కుట్టిన చొక్కా కాదు.

రాయవలసి రావడం జడ్జి చేతిని ఎలా పట్టుకుంటుందో నేను దగ్గర్నుంచి చూసిన ఒక కేసు చెబుతాను. వృద్ధురాలైన కిరాయిదారు తరఫున నేను వాదిస్తున్నాను. ఆమె తన అద్దె గదుల్లో ఒకదాన్ని మేనల్లుడి చేతికిచ్చింది. యజమాని నోటిమాటగా సరేనన్నాడు, ఎనిమిదేళ్లు రోజూ చూస్తూ ఊరుకున్నాడు, తర్వాత ఖాళీ చేయమని కేసు వేశాడు. యజమాని లిఖితపూర్వక అనుమతి లేకుండా ఉపకిరాయికి ఇస్తే ఖాళీ చేయించవచ్చని సెక్షన్. ఎనిమిదేళ్లకు గుర్తొచ్చిందా అని వాదనల్లో న్యాయమూర్తి యజమాని న్యాయవాదిని నిలదీశారు, మేము గెలిచామనే అనుకున్నాం. తీర్పు రిజర్వు అయింది. మూడు వారాలకు స్పష్టీకరణ కోసమని కేసు మళ్లీ జాబితాలోకి వచ్చింది. ఆయన అడిగింది ఒకే ఒక్క ప్రశ్న: అద్దె రసీదుల్లో ఒక్కదాని మీదైనా మేనల్లుడి పేరు ఉందా?

ఆ ప్రశ్న ఎందుకడిగారో మాకు వెంటనే అర్థమైంది. యజమాని సంతకంతో ఆ పేరున ఒక్క రసీదు ఉన్నా దాన్నే రాతగా తీసుకోవచ్చు. సెక్షన్‌కు దెబ్బ తగలకుండా ఆమె నిలబడుతుంది. రసీదుల కట్ట రెండుసార్లు తిరగేశాం, అన్నీ ఆమె పేరునే ఉన్నాయి. తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. మౌనాన్నే అనుమతిగా తీసుకుంటే సెక్షన్‌లో ‘లిఖితపూర్వక’ అన్న మాటకు పనే ఉండదనీ, నోటిమాటల తగువులు తప్పించడానికే శాసనసభ ఆ మాట వేసిందనీ రెండు పేరాల్లో రాసి, ఖాళీ చేయడానికి ఆమెకు ఏడాది గడువిచ్చారు. గడువు ఎంతన్నది ఆయన విచక్షణకు వదిలిన విషయం. జాలి అక్కడికి చేరింది. సెక్షన్ అర్థంలోకి చేరడానికి దానికి దారి దొరకలేదు, ఆయన వెతకక కాదు. ఓడిపోయినా ఆ తీర్పు నకలు దాచుకున్నాను.

దీనికి రెండో వైపు కూడా చెప్పాలి, లేకపోతే మెట్లు సరిగా ఉంటే చాలునన్న భ్రమ కలుగుతుంది. 1975 ఎమర్జెన్సీలో సమానత్వం, ప్రాణం, వ్యక్తి స్వేచ్ఛ, నిర్బంధంలో రక్షణలకు సంబంధించిన రాజ్యాంగంలోని 14, 21, 22 అధికరణాల అమలు కోసం కోర్టుకు వెళ్లే హక్కును రాష్ట్రపతి ఉత్తర్వుతో నిలిపివేశారు. అక్రమ నిర్బంధమని హెబియస్ కార్పస్, అంటే నిర్బంధించిన మనిషిని కోర్టు ముందుకు తెమ్మని కోరే పిటిషన్, వేయవచ్చా అన్న ప్రశ్న మీద 1976లో సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో వేయరాదన్నది. మెజారిటీ తర్కం నిష్కర్షగా ఉంటుంది: వ్యక్తి స్వేచ్ఛకు 21వ అధికరణమే ఏకైక నిలయం, దాని అమలు ఆగిపోయింది, కాబట్టి అడగడానికి ఏమీ మిగలలేదు. మొదటి వాక్యం ఒప్పుకుంటే చివరి వాక్యం నుంచి తప్పించుకోలేరు. న్యాయమూర్తి హెచ్.ఆర్. ఖన్నా ఆ మొదటి వాక్యాన్నే ఒప్పుకోలేదు. చట్టం అనుమతి లేకుండా ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ ప్రభుత్వం హరించరాదన్నది రాజ్యాంగం పుట్టకముందు నుంచీ ఉన్న సూత్రమని, అది ఆ అధికరణం పెట్టిన భిక్ష కాదని రాశారు. ఒక పోలీసు అధికారి వ్యక్తిగత కక్షతో ఎవరినైనా చంపినా దిక్కులేదా అని వాదనల్లో ఆయన అటార్నీ జనరల్‌ను అడిగితే, ఎమర్జెన్సీ ఉన్నంతకాలం లేదన్న జవాబు వచ్చింది. తన ప్రాతిపదిక తనను ఎక్కడికి తీసుకెళ్లిందో విన్న తర్వాత జడ్జికి రెండు దారులుంటాయి: ఫలితాన్ని మింగడం, లేదా వెనక్కి వెళ్లి ప్రాతిపదికను మళ్లీ పరీక్షించడం. నలుగురు మొదటిది చేశారు, ఒకరు రెండోది చేశారు. 2017లో తొమ్మిది మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మెజారిటీ తీర్పును తోసిపుచ్చినప్పుడు ప్రధాన తీర్పు రాసినది జస్టిస్ డి.వై. చంద్రచూడ్, 1976 నాటి నలుగురిలో ఒకరు ఆయన తండ్రి.

ఇప్పుడు మీ నోటీసు కేసును మళ్లీ తెరవండి. ఇద్దరు న్యాయమూర్తులూ ఉదహరించిన నజీర్లలో చాలావరకు ఒక్కటే కాబట్టి వాటిని వదిలేసి, ఇద్దరూ మొదటిసారి విడిపోయిన వాక్యాన్ని వెతకండి. మొదటి న్యాయమూర్తి తీర్పులో అది రాత అవసరమైనది తర్వాత రుజువుకు పనికిరావడానికి అన్న చోట ఉంటుంది. ఫోన్ సందేశం ఆ పని చేస్తుంది, అందువల్ల చాలునన్నారు. రెండో న్యాయమూర్తి మాత్రం నోటీసులో రాత ఉండేది అందుకున్నవాడు దాన్ని తేలిగ్గా తీసుకోకుండా ఉండడానికి అని మొదలుపెట్టారు. రోజుకు వంద సందేశాలు వచ్చే చోట అది ఆ పని చేయదన్నారు. అక్కడినుంచి ఇద్దరి తర్కమూ తప్పులేకుండానే నడుస్తుంది. నన్నడిగితే, ఆ నోటీసు తర్వాత గడువు దాటితే హక్కే పోయే చట్టం గనుక నేను రెండో న్యాయమూర్తి వైపు నిలుస్తాను. కానీ సందేశం చదివి అవతలివాడు దానికి బదులిచ్చినట్టు రికార్డులో ఉంటే, ఆయన చెప్పిన కారణం ప్రకారమే ఫలితం తిరగబడాలి. ఆ సంగతిని ఆయన తీర్పు ఎక్కడా ప్రస్తావించలేదు, అప్పీలు వేసేవారు పట్టుకోవలసింది కూడా దాన్నే.